"ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాటకి, ఈ ఏడాది ఏం చేశానో గుర్తు రావట్లేదన్న చెల్లికి

మీరు అడిగింది రెండు సార్లు చదివానండి. హైదరాబాద్ లో టెస్టింగ్ జాబ్ చేసేవారు, మెటర్నిటీ లీవ్ అయిపోయాక బాబుని చూసుకునే మనిషి లేక రిజైన్ చేసారు, బాబుకి ఇప్పుడు ఇరవై నెలలు. డిసెంబర్ రాగానే పాత టీమ్ వాళ్ళ ప్రమోషన్లు, కొత్త ఫ్లాట్లు ఫోన్ లో కనపడుతుంటే "మరి 2025 లో నేనేం చేశాను" అని కూర్చుని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రావట్లేదు, ఆయన కూడా కోపంగా కాదు మామూలుగానే "ఇంట్లోనే ఉన్నావుగా" అన్నారు, ఇంకో ఏడాది కూడా ఇలాగే పోతుందేమో అని భయం. ఇదే కదా మీ ప్రశ్న.

నేను కాకినాడలో ఉంటాను. మా పెద్దాడు పుట్టకముందు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పేదాన్ని, వాడు పుట్టాక మానేశాను, వాడిప్పుడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, చిన్నది ఏడో క్లాసు, మా అత్తగారు మాతోనే ఉంటారు. అంటే ఇంట్లో ఉన్న తల్లిగా చాలా డిసెంబర్లు చూశాను, మీకు ఇప్పుడు వచ్చిన ప్రశ్న ఇంటి పని చూసే ఆడవాళ్ళలో చాలామందికి వస్తుంది, మొదటి పూర్తి సంవత్సరం అయ్యాక ఇంకా గట్టిగా వస్తుంది. ముందు ఒక మాట చెప్తాను, మీ సంవత్సరం ఖాళీగా లేదు, ఎక్కడా రాసి లేదు అంతే. ఆఫీసులో పని చేస్తే దానికి ఒక టికెట్ నంబర్, ఒక మెయిల్, నెలాఖరుకి పేస్లిప్ ఉంటాయి, ఏడాది చివర మీరు గుర్తు పెట్టుకోకపోయినా సిస్టమ్ గుర్తు పెట్టుకుంటుంది. ఇంట్లో పొద్దున్న వండింది మధ్యాహ్నానికి అయిపోతుంది, ఉతికింది మళ్ళీ మాస్తుంది, తుడిచిన చోటే బాబు మళ్ళీ అన్నం పోస్తాడు. సాయంత్రానికి చెరిగిపోయే పని అది, దాన్ని జ్ఞాపకంలో వెతికితే ఎలా దొరుకుతుంది చెప్పండి.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నాకు ఈ అక్టోబర్ లో బాగా తెలిసొచ్చింది. మొంథా తుఫాను గుర్తుందిగా, అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, అంతకు ముందు మూడు నాలుగు రోజులు కాకినాడ దగ్గరే దాటుతుందని టీవీలో ఒకటే చెప్పడం. పిల్లలకి స్కూళ్ళు సెలవిచ్చేశారు, మా వారికి మాత్రం డ్యూటీ. కరెంటు పోతే మోటారు పనిచేయదు కదా అని డ్రమ్ములూ బిందెలూ అన్నీ నీళ్ళు నింపాను, అత్తగారి బీపీ మాత్రలు ఇంకో పట్టీ తెప్పించాను, పాల ప్యాకెట్లు దొరకవేమో అని పాలపొడి, బ్రెడ్డు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు తెప్పించాను, ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టించి పవర్ బ్యాంకు ఎవరూ ముట్టుకోకూడదన్నాను, డాబా మీద పూలకుండీలు కిందకి దించాను, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాను. రాత్రంతా గాలి, మా వీధిలో కరెంటు పోయింది. పొద్దున్నకి ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ వేడి వేడి ఉప్మా తిని "మనకేం కాలేదులే, పెద్ద తుఫానేం కాదు" అనుకున్నారు. అవతల కోనసీమలో, పశ్చిమ గోదావరిలో కోతకొచ్చిన వరి పడిపోయి రైతులు ఎంత ఏడ్చారో అందరం చూశాం, చిన్న తుఫాను కాదది. మా ఇంట్లో ఎవరికీ తెలియకపోవడానికి కారణం నీళ్ళు ఉన్నాయి, మందులు ఉన్నాయి, పాలు ఉన్నాయి. ఇంటి పనిలో సగం ఇలాంటిదే, బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగని రోజుని ఎవరూ గుర్తు పెట్టుకోరు, చేసిన మనిషితో సహా.

అందుకని ఈ వారంలో ఒక పని చేయండి. జ్ఞాపకాన్ని అడగొద్దు, కాగితాలనీ ఫోన్ నీ అడగండి. బాబు టీకా కార్డు తీయండి. జనవరిలో వాడికి తొమ్మిది నెలలు, అంటే మీజిల్స్ రుబెల్లా మొదటి డోసు, విటమిన్ ఏ మొదటి డోసు ఆ దగ్గర్లో పడుంటాయి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మీజిల్స్ రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు, పోలియో బూస్టరు ఉంటాయి, పడకపోతే ఇప్పుడే వేయించేయండి. ఆ కార్డు మీద ఉన్న ప్రతి తేదీ వెనకా మీరు ఉన్నారు, ముందు రోజు బ్యాగు సర్దింది, ఆ రాత్రి జ్వరం చూస్తూ మెలకువగా ఉన్నది. తర్వాత ఫోన్ గ్యాలరీ జనవరి నుంచి వరసగా చూడండి, జనవరిలో పాకుతున్న పిల్లాడు ఇప్పుడు పరిగెడుతున్నాడు, "అత్త", "తాత" అంటున్నాడు, చెంచాతో సగం మీదా సగం కిందా వేసుకుని తనంతట తను తింటున్నాడు. ఆ తొమ్మిది నెలలకీ ఈ ఇరవై నెలలకీ మధ్య ఉన్న మనిషిని ఎవరు తయారు చేశారనుకుంటున్నారు. గ్యాస్ బుకింగ్ మెసేజ్ లు చూడండి, కిరాణా యాప్ లో ఆర్డర్ హిస్టరీ చూడండి, పీడియాట్రీషియన్ ప్రిస్క్రిప్షన్లు చూడండి. నెలకో పేజీ పెట్టి ఏం దొరికితే అది రాసుకుంటూ వెళ్ళండి, అందంగా రాయక్కర్లేదు.

నేనైతే ఇంటి లెక్కల పుస్తకం రాస్తాను, మా అమ్మ రాసేది, నాకూ అదే అలవాటు. ఈ ఏడాది పుస్తకం మొన్న తిరగేస్తే నా సంవత్సరమంతా అందులోనే ఉంది. సంక్రాంతికి బెల్లం, బియ్యప్పిండి మర, నువ్వులు అంటే అరిసెలన్నమాట. ఏప్రిల్ చివర మామిడికాయలు, ఆవపిండి, నూనె, అది ఆవకాయ. మేలో మినప్పప్పు, సగ్గుబియ్యం, అవి వడియాలకి, ఆ ఎండలో డాబా మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో పుస్తకంలో లేదు కానీ నా మోకాళ్ళకి తెలుసు. జూన్ మొత్తం కాలేజీ ఫీజు, పుస్తకాలు, యూనిఫారం కుట్టుకూలి. శ్రావణమాసంలో పూలు, తమలపాకులు, సెనగలు. సెప్టెంబర్ 22 న జీఎస్టీ తగ్గినప్పుడు సబ్బులు, టూత్ పేస్టు, తలనూనె 18 శాతం నుంచి 5 కి వచ్చాయి, పాత ఎంఆర్పీ స్టాకు మీద కొట్టువాళ్ళు తగ్గించి ఇస్తున్నారా లేదా అని పక్కన టిక్కులు పెట్టుకున్నాను, నెయ్యి మీద కూడా 12 నుంచి 5 అయ్యింది. చూస్తే కిరాణా చీటీలా ఉంటుంది, కానీ ఒక ఇల్లు ఏడాది పొడుగునా ఎలా నడిచిందో దానికంటే బాగా చెప్పే కాగితం ఇంకోటి లేదు. మీరూ జనవరి 1 నుంచి మొదలుపెట్టండి, ఏ పుస్తకమైనా పర్లేదు, రోజుకి నాలుగు లైన్లు చాలు.

ఇది మన ఇద్దరి సొంత బాధ మాత్రమే అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2024 లో టైమ్ యూజ్ సర్వే, అంటే ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో చూసే సర్వే, చేసింది, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు, ఇందులో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకోవడం లేదు, దాని లెక్క వేరే, అక్కడ ఆడవాళ్ళకి 137 నిమిషాలు, మగవాళ్ళకి 75. ఆ పని అసలు చేస్తున్నవాళ్ళ సగటు ఇది, చేయని మగవాళ్ళు ఈ లెక్కలోకే రారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ కేసులో చనిపోయిన గృహిణికి ఆదాయం ఎలా లెక్కకట్టాలి అన్న దాని మీద తీర్పు ఇచ్చింది, అందులో మన జస్టిస్ ఎన్వీ రమణ గారు విడిగా రాసింది నాకు చాలా ఇష్టం, 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ప్రధాన వృత్తి అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు కూడా లేరు అని చెప్పి, వంట, సరుకులు, పిల్లలు, పెద్దవాళ్ళు, బడ్జెట్ అన్నీ ఒక్కొక్కటిగా పేరు పెట్టి రాశారు. ఏమీ సంపాదించని మనిషి అని కొట్టేయకుండా, ఆ పనికి విలువ కట్టడం సాయం చేయడం కాదు, న్యాయం అన్నట్టు రాశారు. బాధ కలిగించేది ఒకటే, ఆ విలువ కట్టింది మనిషి పోయాక. బతికుండగా కూడా కట్టాలి కదా.

అందుకే రెండో విషయం, డబ్బూ కాగితాలూ. ఏడాది చివర మనసు బాగోలేనప్పుడు అందరూ మెడిటేషన్ చెయ్యి, హాబీ పెట్టుకో అని చెప్తారు, మంచిదే, కానీ నా అనుభవంలో ఇంట్లో ఉన్న ఆడదానికి ధైర్యం ఇచ్చేది తన పేరు కాగితం మీద ఉండటం. 2024 జులైలో సుప్రీంకోర్టు మన తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక భరణం కేసులో తీర్పు ఇచ్చినప్పుడు జస్టిస్ నాగరత్న గారు ఇదే రాశారు, గృహిణి అయిన భార్యకి సొంత ఆదాయం ఉండదని భర్త గుర్తించాలి, జాయింట్ అకౌంట్ పెట్టాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలి అని. అంత పెద్ద కోర్టు చెప్పింది కాబట్టి మీ ఆయనకి చెప్పడానికి మీరు మొహమాటపడక్కర్లేదు.

మీ పాత పీఎఫ్ సంగతి ముందు చూసుకోండి. ఉద్యోగం మానేసిన చాలామంది డబ్బు తీసేసి ఈఎంఐ కి కట్టేస్తారు, అత్యవసరం లేకపోతే ఉంచేయండి, మానేసినా వడ్డీ పడుతూనే ఉంటుంది, 2024-25 కి 8.25 శాతం ఇచ్చారు. మానేశాక వచ్చే వడ్డీ టాక్స్ లెక్కలోకి వస్తుంది, అది గుర్తుంచుకోండి. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే తీసిన దాని మీద కూడా టాక్స్ పడొచ్చు. యూఏఎన్ కి, అంటే మీ పీఎఫ్ నంబర్ కి, లింక్ అయిన ఫోన్ నంబర్ ఇప్పటికీ మీ దగ్గరే ఉందా, ఆఫీసు సిమ్మా, చూడండి. ఈ-నామినేషన్ ఇప్పుడున్న కుటుంబంతో కొత్తగా పెట్టండి, పెళ్ళికి ముందు పెట్టింది అలాగే వదిలేస్తే తర్వాత ఇంట్లోవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగలేరు. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి పేస్లిప్పులు, ఫారం 16 ఆఫీసు మెయిల్లోనే ఉండిపోయి ఉంటే ఇప్పుడే హెచ్ఆర్ ని అడిగి సొంత మెయిల్ కి తెప్పించుకోండి, ఇంకో మూడేళ్ళకి ఆ హెచ్ఆర్ లో మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఉండరు.

తర్వాత మీ పేరు మీద ఒక పీపీఎఫ్, అంటే ఎవరైనా తెరుచుకోగలిగే ప్రభుత్వ పొదుపు ఖాతా, ఉద్యోగం పీఎఫ్ వేరు ఇది వేరు. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం లక్షన్నర, పదిహేనేళ్ళు, వడ్డీ ఇప్పుడు 7.1 శాతం. మీ ఆయన మీకు డబ్బు ఇస్తే మీకు టాక్స్ ఉండదు, కానీ ఆ డబ్బు ఎఫ్డీ వేస్తే వచ్చే వడ్డీని ఆయన ఆదాయంలో కలుపుతారు, పీపీఎఫ్ వడ్డీకి అసలు టాక్సే లేదు కాబట్టి ఆ బాధ లేదు. ఎక్కువ వేయాలని కాదు, ప్రతి నెలా పడాలి, ఆయన జీతం పడిన రోజే ఆటోమేటిక్ గా వెళ్ళేట్టు పెట్టేస్తే నెలనెలా అడిగే పని ఉండదు. అడగడం అనేదే మనిషిని చిన్నబుచ్చుతుంది, ఇచ్చేవాడు మంచివాడే అయినా సరే.

మన అమ్మలు పోపులడబ్బాలో దాచేవాళ్ళు కదా, నాకు ఆ డబ్బు మీద చాలా గౌరవం, ఎన్ని ఫీజులు, ఎన్ని ఆసుపత్రి ఖర్చులు దాంట్లోంచి వచ్చాయో. కానీ 2016 నవంబర్ 8 రాత్రి నోట్ల రద్దు అనగానే ఆ డబ్బాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి, ఏళ్ళ తరబడి దాచింది అందరి ముందూ లెక్క చెప్పి బ్యాంకులో వేయాల్సొచ్చింది, కొందరికి ఇన్కమ్ టాక్స్ నోటీసులు కూడా వచ్చాయి, తర్వాత 2021 లో ఆగ్రాలోని ఇన్కమ్ టాక్స్ ట్రిబ్యునల్ ఒక గృహిణి కేసులో రెండున్నర లక్షల లోపు అలాంటి పొదుపుని ఆదాయంగా చూడొద్దంది. దాచుకోండి, కానీ మీ పేరున్న అకౌంట్ లో దాచుకోండి.

హెల్త్ ఇన్సూరెన్స్ ఆయన ఆఫీసుది ఉంటుంది, దాంట్లో మీ పేరు, బాబు పేరు ఉన్నాయో లేదో కార్డు తెరిచి చూడండి, ఆయన జాబ్ మారితే ఆ కవర్ ఆగిపోతుంది కాబట్టి విడిగా ఒక ఫ్యామిలీ పాలసీ ఉండటం మంచిది, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ 18 శాతం నుంచి పూర్తిగా తీసేశారు.

ఒంటి సంగతి. మీరు రాసిన దాంట్లో "పొద్దున్న లేవగానే అలసట" అని ఒక లైను ఉంది, దాన్ని మీరు పట్టించుకోలేదు కానీ నేను అక్కడే ఆగాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తం తక్కువున్నట్టే. సీబీపీ, థైరాయిడ్, బీ12 రక్తపరీక్షలు ఒకసారి చేయించండి, పిల్లాడు తిన్న తర్వాత మిగిలింది తింటూ, రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఏడాది గడిపితే ఒళ్ళు లొంగకుండా ఎలా ఉంటుంది. "ఏం చేశాను, దేనికీ పనికిరాను" అన్న ఆలోచనలో కొంత ఆ నీరసం వల్ల కూడా రావచ్చు. పరీక్షలన్నీ బాగానే ఉండి కూడా రోజూ ఏడుపొస్తుంటే, దేని మీదా మనసు లేకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, దానికి ముందు టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416 కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఎవరికీ చెప్పరు.

ఈ ఏడాది నాకు బాగా సంతోషం ఇచ్చింది ఏంటంటే, ఇది మీకు చిన్న విషయంలా అనిపించొచ్చు, బస్సు. మా అమ్మ రావులపాలెంలో ఒక్కతే ఉంటుంది. ఇదివరకు వెళ్ళాలంటే చార్జీలు పెద్ద లెక్క కాకపోయినా "మొన్నేగా వెళ్ళావు" అన్న మాట దారిలో అడ్డంగా ఉండేది. ఆగస్టు 15 న ఆంధ్రలో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పథకం స్త్రీ శక్తి మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిలో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు, పిల్లలు స్కూలుకి వెళ్ళగానే బయల్దేరి అమ్మకి నాలుగు రోజుల కూర పొడులు ఇచ్చి, తల దువ్వి, మధ్యాహ్నానికి వెనక్కి బస్సెక్కేస్తున్నాను. ఎవర్నీ అడగక్కర్లేదు. నించుని వెళ్ళాల్సొస్తుంది, రష్ ఎక్కువ, అయినా సరే. మీకు హైదరాబాద్ లో 2023 డిసెంబర్ 9 నుంచే మహాలక్ష్మి ఫ్రీ బస్సు ఉంది, రద్దీ లేని టైములో బాబుని ఎత్తుకుని వారానికి ఒక్కసారైనా సిటీ బస్సెక్కి ఏ పార్కుకో, పాత ఫ్రెండు ఇంటికో వెళ్ళిరండి, నాలుగు గోడల మధ్య ఉంటే సోమవారమూ శుక్రవారమూ ఒక్కలాగే ఉంటాయి, అప్పుడే ఏడాది ఎటుపోయిందో తెలియదు.

మీ ఆయన అన్న మాట గురించి. మంచివాడే అని మీరే రాశారు కాబట్టి గొడవ వద్దు, నిష్ఠూరాలూ వద్దు. ఆదివారం పూట పొద్దున్న నుంచి రాత్రి దాకా బాబుని ఆయనకి వదిలి బయటికి వెళ్ళండి, అన్నం వండిపెట్టి వెళ్ళొద్దు, ఏది ఎక్కడుందో చీటీ రాసి కూడా పెట్టొద్దు. నెలకి ఒక్కసారి కాదు, నెలకి రెండు ఆదివారాలు, అది సాయం కాదు, ఆయన పిల్లాడితో ఆయన ఉండటం. నాలుగు నెలలకి మాట దానంతటదే మారుతుంది, మా ఇంట్లో అలాగే మారింది, ఇప్పుడు పిల్లల టిఫిన్ బాక్సులు మా వారే కడతారు.

మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ఈ డిసెంబర్ లో తేల్చొద్దు. వేరేవాళ్ళ ప్రమోషన్ చూసి తీసుకున్న నిర్ణయం వాళ్ళది అవుతుంది, మీది కాదు. బాబుకి మూడేళ్ళు వచ్చి ప్లేస్కూల్ కి అలవాటు పడే దాకా ఆగినా కొంపలేం మునగవు, వెంటనే వెళ్ళాలనిపిస్తే అదీ తప్పు కాదు, నేను వెళ్ళలేదు, మా తోటికోడలు వెళ్ళింది, ఇద్దరి పిల్లలూ బాగానే పెరిగారు. వేసవిలో, ఒంట్లో ఓపిక వచ్చాక, డబ్బుల లెక్క చేతిలో పెట్టుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఈ లోపు పాత టీమ్ లో ఇద్దరితోనైనా ఫోన్లో మాట్లాడుతూ ఉండండి, వాళ్ళ పోస్టులు చూడటం వేరు, మాట్లాడటం వేరు, మాట్లాడితే వాళ్ళ కష్టాలు కూడా తెలుస్తాయి.

జాయింట్ అకౌంట్ కి ఇద్దరూ కలిసి వెళ్ళాలి, ఆధార్, పాన్, ఫోటోలు పట్టుకెళ్ళండి, అదే రోజు మీ పీపీఎఫ్ ఫారం కూడా ఇచ్చేయండి, రెండింటిలోనూ నామినీ కాలమ్ ఖాళీగా వదలొద్దు. ఆయనకి శనివారమే వీలైతే 2026 జనవరి 10, 24 రెండో, నాలుగో శనివారాలు కాబట్టి బ్యాంకు ఉండదు, 3 న గానీ 17 న గానీ వెళ్ళండి, 17 అంటే సంక్రాంతి ఊళ్ళ నుంచి ఇంకా తిరిగి రారు కాబట్టి 3 అయితే మంచిది.